ఎవరు చేసిన పాపం?

(జూలూరుపాడులో వికలాంగ పిల్లల తల్లిదండ్రులు కూడిన చోట ఒక దళిత క్రైస్తవ దంపతులు మాట్లాడిన మాటల పాఠం)

 

మాకు ఉపన్యాసం రాదు. ప్రార్థనలో సాక్ష్యం చెప్పుడే తెలుసు. సాక్ష్యం ఎట్ల ఉంటదో మీకూ ఎరికే. రోగమొచ్చింది, ప్రార్థన చేసినం, పోయింది, దేవునికి స్తోత్రం. మా దగ్గర ఆ సాక్ష్యం లేదు. మా పిల్లగాడికి పద్నాలుగేండ్లు. నడవడు, మాట్లాడడు. మెడ నిలబడడానికే నాలుగేండ్లు పట్టింది. ప్రార్థన ఆపలేదు, జబ్బు పోలేదు. అందుకే మమ్మల్ని సాక్ష్యానికి ఎవరూ లేపరు. మీరు పిలిచినారు గనక ఉన్నదున్నట్టు చెప్తం.

వాడు పుట్టింది వానాకాలం. రాత్రి నొప్పులు మొదలైనయి, వాగు పొంగి ఉంది. అవతలి ఒడ్డు చేరి, బండి దొరికి, ఆస్పత్రికి పోయేసరికి తెల్లారింది. పుట్టినోడు ఏడవలేదు. తర్వాత ఖమ్మంలో పిల్లల డాక్టరమ్మ వివరంగా చెప్పింది. కాన్పు టైములో మెదడుకు ఆక్సిజన్ అందలేదట. దీన్ని సెరిబ్రల్ పాల్సీ అంటరు. నెలలు నిండక ముందే పుట్టినా, పుట్టినాక పచ్చకామెర్లు ముదిరినా రావచ్చు. మెదడుకు తగిలిన దెబ్బ మానదు, పెరగదు కూడా. కసరత్తు చేయించాలె, ఫిట్స్ ఉంటే మందు వాడాలె. ఇంత సాఫుగా చెప్పిన మాట మా బుర్రకెక్కడానికి రెండేండ్లు పట్టింది. ఎందుకంటే అప్పటికే ఊరు తన మాట తాను చెప్పేసింది.

మేం మిరపకాయలు ఏరే చేను ఆసామి భార్య అన్నది: "పోయిన జన్మలో ఏం చేసుకున్నరో పాపం." కోపంతో అనలేదు, జాలితోనే అన్నది. ఆ మాట మాకు కొత్తదా? మాదిగ ఇంట్లో ఎందుకు పుట్టినం అంటే మా తాతలకు చెప్పిన కారణం అదే. అజరయ్య గారు 1912లో దోర్నకల్ బిషప్ అయినారు, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ ఆయన. ఆయన కాలంలో మాల మాదిగ పల్లెలకు పల్లెలే బాప్తిస్మం తీసుకున్నయి. తిండికి మారిన్రని ఇప్పటికీ ఎక్కిరిస్తరు. ఆకలైనోడు తిండికి మారితే తప్పేందో మాకు తెలియదు గానీ, మా పెద్దలకు తిండితో పాటు ఇంకోటి కావాలె. పోయిన జన్మ లెక్కలు చూడని దేవుడు కావాలె.

ఆ దేవుడి ఇంటికే పోతే ఏమైంది? ఊరు కర్మ అన్నది, చర్చి పాపం అన్నది. "ఒప్పుకోని పాపమేదో ఉంది, ఒప్పుకోండి" అన్నరు. మేమిద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం వెతుక్కున్నం. పెండ్లికి ముందు తాగిన కల్లు, అత్తతో పెట్టుకున్న పంచాయితీ, అన్నీ ఏరి పోగు పెట్టుకున్నం. తర్వాత నీ వైపోళ్ళు, నా వైపోళ్ళు అని మొదలైంది. ఏడాది పాటు ఒకే కప్పు కింద ఉండి సరిగ్గా మాట్లాడుకోలేదు. పిల్లగాడి జబ్బు కంటే ఆ ఏడాదే మమ్మల్ని ఎక్కువ నలగ్గొట్టింది.

ఆ రోజుల్లోనే ఒక స్వస్థత కూటానికి పోయినం. పెద్ద టెంటు, మైకులు, సీసాల్లో నూనె. మందు వాడుతున్నరంటే విశ్వాసం లేనట్టే అన్నడు ప్రసంగించినాయన. ఫిట్స్ మాత్రలు పారేసినం. ఆయన పేరు ఇక్కడ చెప్పం, పారేసిన చేతులు మావే. మూడో రాత్రి ఫిట్స్ మొదలై ఆగలేదు. వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నం. అందుకే మీకు గట్టిగా చెప్తున్నం. ఫిట్స్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకండి. ప్రార్థన చేసుకోండి, మాత్ర వేయండి. ఫిట్స్ వచ్చినప్పుడు పిల్లల్ని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలె. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టి అదిమి పట్టొద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలె.

ఆ ఆస్పత్రి మంచం పక్కన యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం మళ్ళీ చదివినం. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు అడిగింది మా ఊరు అడిగిందే. పాపం వీడిదా, కన్నోళ్ళదా అని. యేసు రెండూ కాదన్నడు. అంతవరకు మీకూ తెలుసు. అందులో తల్లిదండ్రులు కూడా ఉన్నరు, వాళ్ళను ఎవరూ పట్టించుకోరు. పెద్దలు వాళ్ళను పిలిపించి నిలదీస్తరు. సమాజమందిరం నుంచి వెలివేస్తరన్న భయంతో వాళ్ళు, వాడికి వయసొచ్చింది, వాణ్ణే అడగండని తప్పుకుంటరు. ఆ భయం మాకు తెలియందా? వెలివాడలో పుట్టినోళ్ళం. కొడుకును మాత్రం నిజంగానే వెళ్ళగొట్టిన్రు. అప్పుడు యేసు వాణ్ణి వెతుక్కుంటూ పోయిండు.

"వాడికి చూపొచ్చింది, మీవాడికి కాళ్ళు రాలేదు గదా" అని అడుగుతరు. మా దగ్గర జవాబు లేదు. పౌలు కూడా తన ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నడు, తీయలేదు. తిరిగి లేచిన యేసు చేతులకు గాయాలు అట్లనే ఉన్నయి, తోమా చూసింది వాటినే. ఇంతకు మించి మాకు తెలియదు. తెలుసన్నోళ్ళను నమ్మడం మానేసినం.

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో గుడ్డి, చెవిటి, మూగ, మతిలేనోళ్ళకు ఆస్తిలో వాటా లేదని ఉంది. అదే వరసలో వెలిబడినోళ్ళు కూడా ఉన్నరు. మమ్మల్నీ మా పిల్లగాణ్ణీ ఒకే గాటన కట్టిన్రన్న మాట! న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలె. మా గ్రంథంలోనూ లేవీయకాండం 21వ అధ్యాయం ఉంది. అహరోను వంశంలో పుట్టినా అవిటివాడు బలిపీఠం దగ్గరికి రాకూడదు, రొట్టె మాత్రం తినొచ్చు. ఎక్కడో విన్నట్టు లేదా? పండక్కి డప్పు మాది, గర్భగుడి వాళ్ళది.

పేర్ల సంగతి కూడా అంతే. గాంధీ మనల్ని హరిజనులన్నడు. 1938లో బొంబాయి శాసనసభలో ఆ పేరు చట్టంలో పెట్టబోతే అంబేడ్కర్ తన సభ్యులతో లేచి బయటికొచ్చిండు. 2015 చివర్లో ప్రధానమంత్రి రేడియోలో మా పిల్లల్ని దివ్యాంగులనాలన్నడు. దేవుడి పేరు తగిలించుడు సులువే. మెట్ల పక్కన ర్యాంపు కట్టాలంటే సిమెంటు ఖర్చవుతది.

ఇక చట్టం సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా లేకుండా పోయింది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తీసిన్రు, మాకు తీయలేదు. మేం బీసీ-సీ. కులం పేరుతో తిడితే 1989 అట్రాసిటీ చట్టం మా చేతికి అందదు. కానీ వైకల్యం హక్కులకు మతం అడ్డు లేదు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే 2016 చట్టంలో 21 ఉన్నయి. దాని 92వ సెక్షన్ చదవండి. నలుగురిలో వికలాంగుణ్ణి కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏండ్ల జైలు, జరిమానా. అట్రాసిటీ చట్టంలో నలుగురిలో అవమానించినోడికి పడే జైలు కూడా అంతే. మాకు అందని కత్తి మా పిల్లగాడి చేతిలో ఉంది.

చర్చిలో కొట్లాట మాత్రం చట్టంతో తేలేది కాదు. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన అప్పజెప్పనిదే బల్లలో చెయ్యి వేయనియ్యమన్నరు పెద్దలు. మాట రానోడు ఏం అప్పజెప్తడు? మూడేండ్లు అడిగినం. గొడవ కూడా పడ్డం. చివరికి కొత్తగా వచ్చిన అయ్యగారు ఒప్పుకున్నరు. వాడు నమలలేడు, గొంతుకు అడ్డం పడుతుంది, అందుకని చిన్న రొట్టె ముక్కను రసంలో నానబెట్టి నాలుక మీద పెడతరు. ఆ రోజు వాడు పెద్దగా నవ్విండు. పాట మధ్యలో ఆ నవ్వుకు కొందరు మొహం చిట్లించుకున్నరు. చర్చికి అయిదు మెట్లు, నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తుతరు. కొత్త సౌండు బాక్సులకు చందాలు వచ్చినయి, ర్యాంపుకు ఇంకా రాలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పంది. చాలా రాత్రులు మేం ఒకటే ప్రార్థన చేసినం. దేవా, మా కంటే ఒక్కరోజు ముందు వీణ్ణి తీసుకుపో అని. మీలో తల దించుకున్న వాళ్ళు కూడా చేసిన్రని మాకు తెలుసు. అది పాపమని మాకు తోచదు. వీడికి అన్నం కలిపి నోట్లో పెట్టేటోళ్ళు మా తర్వాత ఎవరూ లేరని చేసిన ప్రార్థన అది. లేరన్నది దేవుడి తప్పా, ఊరి తప్పా? 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నోళ్ళకు పద్దెనిమిది నిండినాక కలెక్టరు ఉండే కమిటీ ద్వారా చట్టబద్ధంగా సంరక్షకుణ్ణి పెట్టించొచ్చు. కాగితం మీద పేరు రాయించుకోనీకి మా అన్నదమ్ముల్లో ఒకరు సరేనన్నరు. అప్పటి నుంచి ఆ ప్రార్థన తగ్గింది. పూర్తిగా పోలేదు.

పింఛను రానోళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నరు. వికలాంగుల పింఛను 2014లో 1500, 2019లో 3016, 2023లో 4016 అయింది. పసిపిల్లలకైనా వస్తది, వయసు అడ్డు లేదు. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలె. ముందు మీసేవలో పేరు ఎక్కించి తారీఖు తీసుకోండి. ఆధార్, ఫోటో, పాత ఆస్పత్రి కాగితాలు ఏవున్నా దాచిపెట్టుకోండి. బడి వయసు పిల్లలైతే భవిత కేంద్రంలో కసరత్తు కూడా అడగండి.

బుధవారం కొత్తగూడెం క్యాంపుకు మేం ఆటో మాట్లాడినం. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుంటే ముగ్గురు తల్లులు పడతరు. కాగితం ఉన్నోళ్ళు పొద్దున ఏడింటికి సెంటర్లో ఉండండి.