క్షమ: బలమా, బలహీనతా?

(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నీతిని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మన వయసువారికి ఇది ఇష్టమైన విషయమే. అయితే నేను నీతిని పొగిడినవారితో కాక, నిలదీసినవారితో మొదలుపెడతాను.

దాదాపు 2400 ఏళ్ల క్రితం గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన సంభాషణల్లో ఇద్దరు వాదులున్నారు. న్యాయమంటే బలవంతునికి లాభించేదేనని థ్రసీమాకస్ అంటాడు. కాదు, బలవంతులను కట్టివేయడానికి బలహీనులు అల్లిన వలే ఈ చట్టాలని కాలిక్లీస్ అంటాడు.

ఈ రెండో వాదం వంటిదాన్నే పదునుపెట్టినవాడు జర్మన్ తత్వవేత్త నీషే. 1844లో క్రైస్తవ మతబోధకుని ఇంట పుట్టాడు. 24 ఏళ్లకే బాసెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అనారోగ్యం వల్ల 1879లో రాజీనామా చేసి పింఛను పుచ్చుకున్నాడు. అంటే 34 ఏళ్లకే మన జాబితాలో చేరాడన్నమాట! నీతి పుట్టుకపై 1887లో వెలువరించిన గ్రంథంలో ఆయన వాదన ఇది: దెబ్బకు దెబ్బ తీయలేనివాడు తన అశక్తతకు ఓర్పనీ, భయానికి వినయమనీ పేరు పెట్టుకుంటాడు. లోపల అక్కసు రగులుతూనే ఉంటుంది. మతం ఆ అక్కసుకు పవిత్రత కల్పిస్తుంది. "వాణ్ణి దేవుడే చూసుకుంటాడు" అని మనం అన్నప్పుడు, అది భక్తా, పగా? ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఈ అనుమానం మన పెద్దలకు కొత్త కాదు. ఉద్యోగపర్వంలో విదురుడు, ఓర్పుగలవానికి ఉన్న లోపం ఒక్కటేననీ, లోకం అతణ్ణి అశక్తుడనుకోవడమే అదనీ అంటాడు. అయితే అశక్తునికి ఓర్పు గుణమనీ, శక్తిమంతునికి అలంకారమనీ చెప్పి ఇద్దరికీ గౌరవమిస్తాడు.

గాంధీగారు 1920లో 'యంగ్ ఇండియా'లో, పిరికితనం, హింస ఈ రెండే దారులైతే హింసనే ఎంచుకోమంటానని రాశారు. శిక్షించగలిగి ఉండి మానుకుంటేనే అది క్షమ అన్నారు. బలమంటే కండబలం కాదు, లొంగని సంకల్పమన్నారు. 1921లో చీరాల ప్రజలు పురపాలక సంఘం పన్నులకు ఒప్పుకోక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో ఊరు విడిచి నెలల తరబడి పాకల్లో ఉన్నారు. వారి చేతుల్లో ఆయుధం లేదు. వారిని బలహీనులని ఎవరనగలరు?

మరి మన ఓర్పు ఏ కోవకు చెందినది? ఒకప్పుడు మన మాటకు కుర్చీ బలం ఉండేది. నేడు గుమాస్తా రేపు రమ్మంటే తల ఊపి వస్తాం. ఇంట్లో పిల్లలు విసుక్కుంటే ఊరుకుంటాం. పేదవాని కోపం పెదవికి చేటు కనుక అక్కడ అందరమూ శాంతమూర్తులమే! అసలు పరీక్ష మనకంటె బలహీనుల ముందు జరుగుతుంది. పనిమనిషి ఒకపూట రాకపోతే, ఆటో అతను పది రూపాయలు ఎక్కువడిగితే, మన నోరు ఎలా ఉంటుంది? అక్కడ అదుపులో ఉంటే గుమాస్తా ముందు చూపిన ఓర్పూ నిజమైనదే. అక్కడ అరిచి, ఇక్కడ వంగితే నీషే నెగ్గినట్లే.

ఓర్పంటే హక్కు వదులుకోవడమూ కాదు. రావలసిన బకాయిని అర్జీ పెట్టి, పదిమందీ కలిసి, మర్యాద తప్పకుండా అడగడం కూడా ఓర్పే. మన సంఘం ఉన్నది అందుకే.