బాకీల జాబితా గ్రూపులో వద్దు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



సెల్‌ఫోను, మానసిక ఆరోగ్యం అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ఫోను చెడ్డది, తగ్గించండి అని రెండు మాటలు చెప్పి దిగిపోవచ్చు. ఆ మాట ఎవరూ వినరు, చెప్పే నేనూ వినను. పచ్చళ్లు, చీరలు వాట్సాప్‌లో ఫొటో పెట్టి అమ్ముకుంటున్న సభ్యులు ఈ హాల్లోనే ఉన్నారు. గల్ఫ్‌లో ఉన్న మనిషి ముఖం రోజూ చూడగలుగుతున్నది ఆ ఫోనులోనే. అందుకని ఫోను మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కన పెడదాం. ఎలా వాడితే మనసు నలుగుతుందో అది చూద్దాం.

అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 143 మంది విద్యార్థులతో ఒక పరిశీలన చేసి 2018లో ప్రచురించారు. కొందరిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకు 10 నిమిషాలే చూడమన్నారు. మిగతావాళ్లను ఎప్పటిలాగే చూడనిచ్చారు. మూడు వారాలకు, తగ్గించినవాళ్లలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. వాళ్లు కాలేజీ పిల్లలు, మనలాంటి సంసారాలు కావు. అయినా ఒక సంగతి గమనించండి, పూర్తిగా మానేయమని ఎవరూ అనలేదు. కాస్త తగ్గిస్తేనే తేడా కనబడింది.

ఎందుకంటారా? పగలంతా కూలికెళ్లి, రాత్రి అంట్లు తోముకుని, పదిన్నరకు నడుం వాల్చి ఫోను తీస్తాం. ఒకరి గృహప్రవేశం, ఒకరి కూతురికి ఉద్యోగం, ఒకరి చేతికి కొత్త గాజులు. ఆ ఇంటికి ఎంత అప్పు చేశారో స్టేటస్‌లో పెట్టరు కదా! వేలితో తోస్తుంటే రీలు తర్వాత రీలు వస్తూనే ఉంటుంది, చివర అంటూ ఉండదు, అలాగే తయారుచేశారు దాన్ని. నిద్ర పోతుంది, పొద్దున లేస్తే పిల్లల మీద విసుగు. ఇది మీకందరికీ తెలిసిందే.

ఇప్పుడు మన సంగతి చెప్పాలి. కొంచెం కష్టంగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మన గ్రామ సంఘాల గ్రూపుల్లో నెలాఖరుకి కంతు కట్టనివాళ్ల పేర్లు పెడుతున్నాం. కొన్ని ఊళ్లలో పేరు పక్కన ఎర్ర గుర్తు, ఇంకొన్నింట్లో ఫొటో కూడా. పెట్టేవాళ్లకు దురుద్దేశం లేదని నాకు తెలుసు. వసూలు నూటికి నూరు రాకపోతే ముందు మాటొచ్చేది వివోఏ చెల్లెలికే.

కానీ మన సంఘం సమావేశం ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పది మందిమి చాప మీద కూర్చుంటాం. ఒకామె డబ్బు తేలేదు. "ఏమైంది పిన్నీ?" అని అడుగుతాం. ఆసుపత్రి అంటుంది, పనుల్లేవంటుంది. గట్టిగా నిలదీస్తాం కూడా, ఒక్కోసారి ఏడిపిస్తాం. నిజమే. అయితే అన్నవాళ్లే సాయంత్రం ఆమె ఇంటికెళ్లి ఉన్నదాంట్లో సర్దుతారు. గ్రూపులో "ఏమైంది" అని అడిగేవాళ్లు లేరు. పేరు పడుతుంది, అందరూ చూస్తారు, ఎవరూ మాట్లాడరు. చూసినవాళ్లలో ఆమె వియ్యపురాలు కూడా ఉండొచ్చు.

మన మండలంలోనే ఒక అక్క సంగతి చెబుతాను. ఆమె చెప్పమన్నది కాబట్టే చెబుతున్నా, పేరు, ఊరు అడగొద్దు. భర్త పనిలో పైనుంచి పడి మంచాన ఉన్నాడు. రెండు నెలలు కంతు కట్టలేదు, రెండుసార్లు పేరు గ్రూపులో వచ్చింది. తర్వాతి సమావేశానికి ఆమె రాలేదు, కూతురి చేత పాసుబుక్కు పంపింది. మూడోసారి పేరు రాకూడదని ఫోనులో ఒక యాప్ దగ్గర అప్పు తీసుకుంది. వారం గడువు. ముందే కొంత కోసుకుని మిగతాది ఇచ్చారు. ఫోనులోని నంబర్లు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగితే సరే అని నొక్కింది. గడువు దాటగానే ఆమె ఫొటో మార్చి, ఆ నంబర్లన్నిటికీ పంపారు. అందులో మన నంబర్లూ ఉన్నాయి. పది రోజులు ఆమె అన్నం తినలేదు, తలుపు తీయలేదు.

అప్పు ఇచ్చే యాప్‌లు మన కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే నిబంధన పెట్టింది. దొంగ యాప్‌లు దాన్ని లెక్కచేయవు. అలాంటిది జరిగితే 1930కి ఫోను చేయాలి, మెసేజీలు చెరపకుండా పోలీసులకు చూపించాలి. అది ఒక సంగతి. ఇంకో సంగతి ఏమిటంటే, యాప్‌కు భయపడక ముందే ఆమె మనకు భయపడింది.

పేర్లు పెట్టకపోతే వసూళ్లు పడిపోతాయని కొందరు అంటారు. 2016లో జియో వచ్చి డేటా చౌకయ్యేదాకా మనలో ఎంతమంది చేతిలో ఇలాంటి ఫోను ఉంది? అప్పుడు బ్యాంకు లింకేజీ అప్పులు కట్టలేదా మనం?

అందుకని సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాను. కంతు కట్టని సభ్యురాలి పేరుగానీ, ఫొటోగానీ ఏ గ్రూపులోనూ పెట్టకూడదు. ఆ చర్చ సమావేశంలోనే జరగాలి, మినిట్స్ పుస్తకంలోనే ఉండాలి. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే, అదీ సమాచారం మాత్రమే పెట్టాలి, రాత్రి తొమ్మిది దాటాక అదీ వద్దు. వరసగా రెండు సమావేశాలకు రాని మనిషి ఇంటికి ఇద్దరు వెళ్లాలి. డబ్బు అడగటానికి కాదు, ఎలా ఉందో చూడటానికి. నిద్ర లేదనో, బతకాలని లేదనో అంటే తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. 14416 టెలీ మానస్ నంబరు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పక్కన కూర్చుని మీరే కలిపి ఇవ్వండి. పీహెచ్‌సీకి తోడు వెళ్లండి.

ఒప్పుకోనివాళ్లు మొహమాటపడకుండా లేచి మాట్లాడండి. చేతులెత్తే ముందు వివోఏ చెల్లెళ్ల మాట కూడా వినాలి, వసూలు భారం మోస్తున్నది వాళ్లే. మైకు వాళ్లకివ్వమని అధ్యక్షురాలిని కోరుతున్నాను.