మాట వినే పెట్టెలు - మా ఇంటి అనుభవము

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

ఈ ఉదయము మన మరాఠీ సోదరుల ఇండ్లముందు గుడీలు లేచినవి. మన ఇండ్లలో పచ్చడి కలిపినారు. ఒకే దినమున రెండు పండుగలు చూచే భాగ్యము షోలాపూరు తెలుగువారికి కలిగినది.

కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు నేను చాలా వెనుకాడినాను. నేను మెట్రిక్ వరకు చదివిన రైల్వే గుమాస్తాను. బడిలో చదివినది మరాఠీ, ఆఫీసులో వ్రాసేది హిందీ, ఇంగ్లీషు. తెలుగు మా అవ్వ నోటివెంట వచ్చినది. సాహిత్యము, వేదాంతము నావల్ల కాదంటే, “నీ ఇంట్లో జరిగినదే చెప్పవయ్యా” అన్నారు. కనుక నోటిమాటతో నడిచే స్పీకరు పెట్టెలను గురించి, అవి మా ఇంటికి వచ్చిన తరువాత జరిగిన సంగతులను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ఇంటింటికీ ఒకే శబ్దము వినిపించుట మన పేటలకు కొత్త కాదు. మిల్లు భోంగా మోగితే వీధులన్నీ లేచేవని మా తాత చెప్పేవాడు. నా చిన్నతనములో రాత్రిపూట మా బాపు ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకొని, గరగరమనే శబ్దములో హైదరాబాదు కేంద్రమును వెదకుకొనేవాడు. భోంగా అయినా రేడియో అయినా చెప్పేదే గాని మన మాట వినేది కాదు. ఈ కొత్త పెట్టెలు వింటవి. ఒక గదిలో కూర్చొని “పాట పెట్టు” అంటే పై గదిలోను, వెనుక కార్ఖానాలోను గూడ అదే పాట మొదలవుతుంది.

మరమనిషికి మాట నేర్పవలెనన్న ప్రయత్నము చాలా పాతది. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ‘ఆడ్రీ’ అను యంత్రమును చేసినారు. అది సున్న నుండి తొమ్మిది వరకు అంకెలను మాత్రము గుర్తుపట్టేది. అదీ తనకు అలవాటైన గొంతుక అయితేనే బాగుగా పట్టేది. 1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శనలో ఐ.బి.ఎం. కంపెనీవారు ‘షూబాక్స్’ అను యంత్రమును చూపించినారు. దానికి వచ్చిన మాటలు 16. అక్కడినుండి ఇంటింటి పెట్టె కావడానికి అర్ధ శతాబ్దము పట్టినది. అమెజాన్‌వారి ‘ఎకో’ పెట్టె 2014లో అమెరికాలో వచ్చినది. మన దేశమునకు 2017లో ఇంగ్లీషుతో వచ్చి, 2019లో హిందీ నేర్చుకొన్నది. గూగుల్‌వారి పెట్టె 2018లో మన దేశములో అడుగుపెట్టినది.

పెట్టె ఎట్లా వింటుందో నాకు తెలిసినంత చెప్తాను. దానిలో ఒకటి కాదు, అనేక మైకులుంటవి. మొదటి ఎకోలో ఏడు ఉండేవి. మన మాట ఒక మైకునకు ముందు, ఇంకొకదానికి వెంట్రుకవాసి వెనుక చేరుతుంది. ఆ తేడానుబట్టి మనిషి ఏ దిక్కున ఉన్నాడో లెక్క కట్టి, మిగిలిన దిక్కుల శబ్దమును తగ్గించుకొంటుంది. దానికొక పిలుపు పేరు ఉంటుంది. ఆ పేరు వినబడిన తరువాత వచ్చే మాటలను ఇంటర్నెట్టుద్వారా దూరమునున్న పెద్ద కంప్యూటర్లకు పంపుతుంది. అవి మాటను అక్షరములుగా మార్చి, అర్థము తేల్చి, జవాబు పంపుతవి. కనుక నెట్టు పోతే పెట్టెకు బుద్ధి పోయినట్లే. ఈ మాటను దయచేసి గుర్తుంచుకోండి. దీనితో తరువాత పని ఉన్నది.

ఇక అన్ని గదులలో పాట ఒక్కసారిగా ఎట్లా వస్తుంది? స్టేషనులో మీరు గమనించే ఉంటారు. ప్లాట్‌ఫారము పొడుగునా స్పీకర్లు ఉంటవి. దగ్గరి స్పీకరులో “గాడీ” అని వినబడిన తరువాత దూరపు స్పీకరునుండి అదే మాట మళ్ళీ వినబడుతుంది. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనుక, 100 మీటర్ల దూరమునుండి వచ్చే మాట సెకనులో దాదాపు మూడవ వంతు ఆలస్యమవుతుంది. ఇంట్లో అంత దూరము లేదు. అక్కడి చిక్కు వేరు. వైఫైమీద పాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒక పెట్టెకు ముందు, ఒక పెట్టెకు వెనుక చేరుతుంది. చేరిన వెంటనే వాయిస్తే రెండు గదుల మధ్య నిలబడినవానికి తల తిరుగుతుంది. అందువల్ల పెట్టెలన్నీ ముందు తమ గడియారములు కలుపుకొంటవి. ప్రతి ముక్కమీద “ఇది ఈ క్షణమున వాయించవలెను” అని గుర్తు వ్రాసి ఉంటుంది. మా రైల్వేలో బండి ముందుగా చేరినా టైము కాకముందు విడువరు గదా, అదే పద్ధతి. అమెరికాలో సోనోస్ అను కంపెనీ 2005లోనే ఇటువంటి ఇంటింటి సంగీతపు పెట్టెలను అమ్మినది. వాటిని మొదట చేతి మీటలతో నడిపేవారు. నోటిమాట తరువాత తోడైనది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ముందు గదిలో మా అవ్వ ఉంటుంది. వెనుక కార్ఖానాలో నాలుగు మగ్గములమీద మా తమ్ముడు తువ్వాళ్ళు నేయిస్తాడు. మేడమీద నేను, మా ఇంటామె, తొమ్మిదేండ్ల మా బిడ్డ. అవ్వ నలభై ఏండ్లు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టినది. తునికాకు కత్తిరించి కత్తిరించి వ్రేళ్ళు బిగుసుకొన్నవి. ఒక కంటికి మోతిబిందు ఆపరేషను అయినది. రెండవ కన్ను మసక. ఫోనుమీద అక్షరము చూడలేదు, మీట నొక్కలేదు. అటువంటి మనిషికి నోటిమాటతో నడిచే పెట్టెకంటె మంచి సాధనము ఏమున్నదని, దీపావళి బోనసుతో మూడు పెట్టెలు తెచ్చినాను. ఒకటి అవ్వ మంచము ప్రక్కన, ఒకటి మేడమీద, ఒకటి కార్ఖానాలో పెట్టినాను.

కార్ఖానాలో పెట్టినది వారము తిరగక ముందే దండుగ అయినది. మగ్గములు నడుస్తుంటే అక్కడి మోత 90 డెసిబెల్ దాటుతుంది. మనిషి మాట మనిషికే వినబడదు, పెట్టెకేమి వినబడుతుంది? తమ్ముడు గొంతు చించుకొని అరిచి, చివరకు దాన్ని అటకమీద పెట్టినాడు. పైగా అంత మోతలో పాట వినవలెనంటే ఇంకా పెద్దగా పెట్టవలెను. చెవులకు అది మరింత చెరుపు. కార్ఖానాలున్న సోదరులకు నా మనవి: అక్కడ పాటల పెట్టెకు పెట్టే డబ్బు చెవులకు పెట్టుకొనే రక్షణ సాధనములకు పెట్టండి.

అవ్వ పెట్టె మాత్రము మొదట బాగానే సాగినది. దాన్ని హిందీలో ఉంచినాము. దానికి తెలుగు ఆజ్ఞలు అర్థము కాలేదు. “పాట పెట్టు” అంటే “మాఫ్ కీజియే” అనేది. “ఏంది కొడుకా, ఇది నా మాట ఇంటలేదు” అని అవ్వ నవ్వేది. కాని ఒక చిత్రము జరిగినది. అవ్వ ఒకనాడు విసిగి “రేడియో బంద్ చెయ్” అన్నది. పెట్టె వెంటనే ఆగిపోయినది. “బంద్” అన్న మాట దానికి తెలిసినదే గదా! “ఆవాజ్ కమ్ చెయ్” అంటే తగ్గించినది. “ఘంటసాల” అంటే ఘంటసాల పాట పెట్టినది. హైదరాబాదు నుండి, కోస్తా నుండి వచ్చిన చుట్టములు మన తెలుగును విని ఇదేమి కలగూరగంప అని నవ్వుతుంటారు. ఆ కలగూరగంపే ఆ దినము అవ్వకు అక్కరకు వచ్చినది. మా ఇంట్లో పెద్ద వినోదమైనది.

అది వినోదముగానే మిగిలితే నేనీ సభలో మాట్లాడవలసిన పని ఉండకపోవును.

ఒక చలికాలపు రాత్రి నాకు నైట్ డ్యూటీ. ఇంటామె, బిడ్డ మేడమీద నిద్రపోతున్నారు. వెనుక మగ్గములు నడుస్తున్నవి. రెండు గంటలవేళ అవ్వ దాహమై లేచి, కాలు జారి పడ్డది. ఎడమ మణికట్టు విరిగినది. లేవలేకపోయినది. పిలిచినది, మగ్గముల మోతలో ఎవరికీ వినబడలేదు. ఇంటామె ఐదు గంటలకు క్రిందికి దిగేవరకు చల్లని బండమీద అట్లే ఉన్నది.

నేను ఆసుపత్రికి పోయేసరికి చేతికి కట్టు కట్టినారు. అవ్వ నాతో అన్న మాట ఇది: “పెట్టెను పేరు పెట్టి పిలిచిన కొడుకా. దీపం ఎలిగింది. ‘మా పిల్లను లేపు’ అన్న. ఏందో హిందీల అని ఊకుంది. నాకు హిందీ రాకపాయె గద.”

తప్పు తనదే అన్నట్లు చెప్పినది. నా గుండె కలుక్కుమన్నది. ఇంటి మంచము ప్రక్కన, ఆపద సమయములో, తల్లిభాషలో పిలిచిన మనిషి తనకు భాష రాదని సిగ్గుపడుతున్నది! పెట్టెనని ఏమి లాభము? తెలియని భాష తెలియదని అది చెప్పినది. తప్పు నాది. పెట్టె తెచ్చినాను గనుక అవ్వ ఒంటరిగా లేదనుకొన్నాను. అంతకుముందు డ్యూటీకి పోయేటప్పుడు ఆమె ప్రక్కన పది నిముషములు కూర్చొనేవాడిని. పెట్టె వచ్చినప్పటినుండి “పాట పెట్టుకో అవ్వా” అని చెప్పి వెళ్ళిపోయేవాడిని.

తరువాత మేము చేసినది చెప్తాను. మీలో ఎవరికైనా ఉపయోగపడవచ్చును. ఈ పెట్టెల ఆప్‌లో మనము ఒక మాట ఏర్పాటు చేసి, ఆ మాట వినబడితే ఏమి చేయవలెనో ముందుగా వ్రాసి పెట్టవచ్చును. మా బిడ్డ దానిని కనిపెట్టినది. బాపమ్మకు వచ్చిన మాట, పెట్టెకూ వచ్చిన మాట ఏది అని వెదకి, “మదద్” అని పెట్టినది. ఇప్పుడు అవ్వ పెట్టెను పిలిచి “మదద్” అంటే మేడమీది పెట్టె గట్టిగా పలుకుతుంది. అటకమీద పెట్టెనూ దింపి మెట్లదగ్గర పెట్టినాము. పది దినములు రోజూ రాత్రి అవ్వచేత అనిపించి పరీక్షించినాము. రెండుసార్లు పట్టుకోలేదు. కరెంటు పోయినా, నెట్టు పోయినా అసలే పలుకదు. అందుచేత మంచము కోడుకు ఒక ఇత్తడి గంట గూడ కట్టినాము. మగ్గముల మోతలో గంట కూడ వినబడకపోవచ్చును గనుక బిడ్డ ఇప్పుడు బాపమ్మ గదిలోనే పడుకొంటున్నది. మూడు ఉపాయములలో అవ్వకు ఇష్టమైనది ఈ మూడవది.

పెట్టెలు కొనదలచిన కుటుంబములకు ఇంకా మూడు మాటలు. మొదటిది, పెట్టె మైకును ఆపే మీట ఎక్కడున్నదో ఇంట్లో అందరూ తెలిసికోవలెను. 2019లో అమెజాన్, గూగుల్, ఆపిల్ కంపెనీల పక్షమున పనిచేసే మనుష్యులు కొన్ని రికార్డింగులు వింటున్నారని వార్తలు వచ్చి పెద్ద గొడవ అయినది. ఆప్‌లోనికి పోయి పాత రికార్డింగులు తుడిచివేయవచ్చును. పెండ్లి మాటలు, డబ్బు మాటలు మాట్లాడేటప్పుడు మైకు ఆపుకొనుట మంచిది. రెండవది, పిల్లల మాటతీరు. పెట్టెను “ఏయ్, బంద్ కర్” అని గదిమినా అది పని చేస్తుంది. మా బిడ్డ ఆ అలవాటుతో ఒకనాడు బాపమ్మతో గూడ అట్లే అన్నది. అప్పటినుండి పెట్టెతోనైనా మర్యాదగా మాట్లాడవలెనని ఇంట్లో నియమము పెట్టినాము. మూడవది, పిల్లలు యంత్రముతో ఏ భాష మాట్లాడుతారో ఆ భాషే ఇంట్లో నిలుస్తుంది. మరాఠీ బడిలో, హిందీ బజారులో, ఇంగ్లీషు ఫోనులో ఉంటే, తెలుగుకు మిగిలినది వంటింటి గడప ఒక్కటే. అక్కడకూడా హిందీ పెట్టె కూర్చుంటే మన మాట ఎక్కడ నిలబడుతుంది?

నిరాశపడవలసిన పని మాత్రము లేదు. గూగుల్‌వారి ‘జెమిని’ ఆప్ 2024 జూన్‌లో మన దేశములో తొమ్మిది భారతీయ భాషలతో వచ్చినది. అందులో తెలుగూ ఉన్నది, మరాఠీ ఉన్నది. కేంద్ర ప్రభుత్వము 2022లో ‘భాషిణి’ అను పథకమును ప్రారంభించినది. అందులో ‘భాషాదాన్’ క్రింద ‘బోలో ఇండియా’ అని ఒక భాగమున్నది. ఎవరైనా తమ భాషలో వాక్యములు చదివి తమ గొంతును దానముగా ఇయ్యవచ్చును. యంత్రము ఎవరి గొంతు విన్నదో వారి మాటే నేర్చుకొంటుంది. అక్కడ గుంటూరు గొంతు, హైదరాబాదు గొంతు మాత్రమే ఉంటే, కరీంనగరు పల్లెలనుండి తాతలనాడు మగ్గము భుజాన వేసుకొని వచ్చిన మన షోలాపూరు గొంతు దానికి అర్థము కాదు.

కాబట్టి సంఘమువారికి నాదొక విన్నపము. నెలకొక ఆదివారము మన హాలులో యువకులు ఫోనులు పట్టుకొని కూర్చోవలెను. చదువు వచ్చిన పెద్దలచేత, స్త్రీలచేత తెలుగు వాక్యములు చదివించవలెను. దీనికి చందా అక్కరలేదు. చదువురాని మా అవ్వవంటివారికి వాక్యములు చదువుట రాదు గాని, ప్రక్కన కూర్చొని తెలుగు చదువుట మరచిపోయిన పిల్లలకు ఉచ్చారణ దిద్దగలరు.

అవ్వ చేయి ఇప్పుడు నయమైనది. ఈ ఉదయము పచ్చడికి మామిడికాయ ఆమే తరిగినది. సభలో ఏమి మాట్లాడుతావని అడిగితే పెట్టె సంగతి చెప్తానన్నాను. “దాని సంగతి చెప్పు గని, ఆ పది నిముషాలు కూసునుడు గూడ చెప్పు” అన్నది. చెప్పినాను. డ్యూటీకి పోయేముందు మళ్ళీ కూర్చుంటున్నాను.

ఈ కొత్త సంవత్సరము మీ ఇండ్లలో పాటలతోను, అంతకంటె ఎక్కువగా మాటలతోను నిండవలెనని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.