ఇద్దరిలో ఎవరిని తీసుకోవలెను?
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పరాభవ నామ సంవత్సర ఉగాది సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు తప్పించుకొనుటకు చాలా ప్రయత్నించినాము. మేము చదివినది మెట్రిక్కు. చేయునది రైల్వేలో గుమాస్తా పని. పద్యము పాడలేము, పంచాంగము చెప్పలేము. "మీకు తెలిసినదే చెప్పండి" అన్నారు. ఈ మధ్య మేము శ్రద్ధగా తెలుసుకొన్నది ఒక వీడియో ఆట. వెనుక వరుసలో పిల్లలు అప్పుడే నిటారుగా కూర్చున్నారు. ముందు వరుసలోని పెద్దలు మాత్రము కొంచెము ఓపిక పట్టవలెను.

ఆట పేరు డిస్పాచ్. 2025 అక్టోబరు 22న మొదలుపెట్టి, వారమునకు రెండు భాగముల చొప్పున నవంబరు 12 నాటికి ఎనిమిది భాగములు విడుదల చేసినారు. చేసినవారు అమెరికాలోని ఆడ్‌హాక్ స్టూడియో. కథ చెప్పే ఆటలకు పేరుపడిన టెల్‌టేల్ అను సంస్థలో పనిచేసి బయటకు వచ్చినవారు 2018లో దీనిని పెట్టుకొన్నారట. తుపాకి పట్టి పరుగెత్తుట ఇందులో లేదు. సీరియలు వలె కథ నడుచును. నడుమ నడుమ ఆగి, ఇప్పుడేమి అంటావు, ఏమి చేస్తావు అని మనలను అడుగును. జవాబునకు తరచుగా కొన్ని క్షణములే గడువు.

మా ఇంట ఈ ఆట తెచ్చినది మా మేనకోడలు. డిగ్రీ చదువుచున్నది, మా దగ్గరనే ఉన్నది. ఇంగ్లీషు మాటలు వేగముగా పోవుచుండగా ఆమె అర్థము చెప్పును, మేము తీర్పు చెప్పుదుము. రాత్రి భోజనములైన తరువాత గంటసేపు, అదీ ఒప్పందము.

కథానాయకుడు రాబర్ట్ రాబర్ట్‌సన్. తాత, తండ్రి, తాను, మూడు తరములుగా మెకా మ్యాన్ అను పేరుతో ఒక పెద్ద యంత్రకవచములో కూర్చుండి దుష్టులతో పోరాడిన కుటుంబము. ఆ కవచము పేలిపోయినది. స్వంత శక్తి ఏమియు లేనివాడు. లాస్ ఏంజిల్స్ చెంత టోరెన్స్ అనుచోట, ఆపదలో ఉన్నవారి వద్దకు వీరులను పంపు ఒక సంస్థ ఉన్నది. అందులో కుర్చీ ఉద్యోగము దొరికినది. ఫోను మ్రోగును. ఎక్కడో నిప్పంటుకొన్నది, ఎక్కడో దొంగలు పడినారు. ఎవరిని పంపవలెనో ఇతడు తెర ముందు కూర్చుండి నిర్ణయించవలెను. అతని చేతిలో పెట్టిన జట్టు ఎవరనుకొన్నారు? ఒకప్పటి దుర్మార్గులు, మారుదుమని మాట ఇచ్చినవారు!

ఇక్కడ సగముమంది రైల్వేవారే గనుక వివరించనక్కరలేదు. ఇది అచ్చముగా కంట్రోలు ఆఫీసు. ఒక్కొక్క వీరునికి పోరాటము, దారుఢ్యము, వేగము, మాటకారితనము, తెలివి అని ఐదింటికి అంకెలు ఉండును. వచ్చిన పనికి కావలసినదెంత, వీరునికి ఉన్నదెంత అను లెక్క. పోవుటకు సమయము, పనికి సమయము, తిరిగివచ్చిన తరువాత రెస్టు. పని చెడినచో దెబ్బ తగిలి వచ్చును. మన రన్నింగ్ స్టాఫు సంగతి తెలిసినవారెవరైనా అరగంటలో ఈ ఆట నేర్చుకొందురు. మా మేనకోడలు ఒప్పుకొనదు గాని, మొదటి రెండు భాగములలో మా లెక్కలే ఎక్కువ కలిసినవి.

మూడవ భాగము చివర జట్టులో ఒకరిని తీసివేయవలసి వచ్చును. నాలుగవ భాగములో ఆ ఖాళీ నింపవలెను. ఉన్నది ఇద్దరే.

ఒకడు ఫినామమ్యాన్. వేరొక గ్రహమునుండి వచ్చినవాడు. ఎగురగలడు, బలమునకు కొదువ లేదు. అయితే ఆ సంస్థలోనే పనిచేయు బ్లాండ్ బ్లేజర్ అను వీరనారి ఇతనిని విడిచిపెట్టినది. నాటినుండి మనిషి క్రుంగిపోయినాడు. రెండవవాడు వాటర్‌బాయ్. ఆ కార్యాలయములో ఊడ్చి తుడుచు కుర్రవాడు. అతని శక్తియెల్లా నోటినుండి నీళ్ళు చిమ్ముట. ఒళ్ళంతా ఎప్పుడూ తడి. మాట తడబడును. వీరుడు కావలెనని మాత్రము కొండంత ఆశ. అంకెలు చూచితే జాలి వేయును.

మేము ఆలోచించనే లేదు. "వాటర్‌బాయ్" అన్నాము. ఎందుకో మా సర్వీసు తెలిసినవారికి తెలియును. మేము చేరినది ఖలాసీగా. ఆఫీసులో బల్లలు తుడిచినాము, ఫైళ్ళు మోసినాము. డిపార్ట్‌మెంటు పరీక్ష వ్రాసి గుమాస్తా అయినాము. చీపురు పట్టినవానికి కుర్చీ ఇచ్చు అవకాశము చేతిలో ఉండగా ఇంకొకనిని ఎన్నుకొనుటకు మాకు మనసు ఎట్లు ఒప్పును?

కాని ఆ సంగతిలో మేము ఇంతవరకు ఎవరికీ చెప్పని భాగము ఒకటి ఉన్నది. కౌంటరులో కూర్చున్న మొదటి నెలలో మా చేతులు వణకుచుండెడివి. ఒకనాడు వరుస పెద్దది. టికెట్టు తప్పు కొట్టినాము, రద్దు చేసినాము, మరల కొట్టినాము. ఆ వరుసలో వెనుకనున్న ఒక ముసలాయన బండి తప్పిపోయినది. ఆయన కోపపడలేదు. "బిడ్డ ఆసుపత్రిలో ఉంది బాబూ, తర్వాతి బండి ఎన్ని గంటలకు?" అని మాత్రము అడిగినాడు. మమ్ములను నమ్మి కుర్చీ ఇచ్చిన పెద్ద గుమాస్తాగారు మమ్ములను ఏమీ అనలేదు. మేము పని నేర్చుకొన్నాము. అయితే మా నేర్పునకు ఖరీదు కట్టినది మేమూ కాదు, పెద్ద గుమాస్తాగారూ కాదు. ఆయన బిడ్డ ఏమైనదో మాకు నేటికీ తెలియదు.

ఆటలో వాటర్‌బాయ్‌ని పంపిన చోట మొదట పనులు చెడినప్పుడు ఆ ముసలాయన గుర్తుకు వచ్చినాడు. తెరమీద మనకు కనిపించునది చిక్కిపోయిన వీరుడు. ఫోను చేసినవాని ముఖము కనిపించదు.

ఇదంతా మేనకోడలికి చెప్పినాము, మా గొప్ప న్యాయబుద్ధికి మెచ్చుకొనునని. ఆమె మెచ్చుకొనలేదు. "అయితే రెండోవాడిని ఎందుకు తీసుకోలేదు మామయ్యా?" అన్నది.

"వాడు దుఃఖములో ఉన్నాడమ్మా. విశ్రాంతి తీసుకోనీ."

"నాన్నకీ అలాగే చెప్పారు."

మీలో చాలామందికి మా బావగారు తెలియును. ఆయన అనుమతితోనే ఇది చెప్పుచున్నాము. షెడ్డులో ఫిట్టరుగా ఆయన చేతికి ఉన్న పేరు మీకు క్రొత్త కాదు. చెవి పెట్టి విని మోటారులో లోపము చెప్పెడివారు. రెండేండ్ల క్రితము మా అక్క పోయినది. ఆయన డ్యూటీకి పోయి పని ముందర ఊరక నిలబడిపోయెడివారు. అందరమూ కలిసి విశ్రాంతి అన్నాము. ఇరువది ఏండ్ల సర్వీసు దాటినది, స్వచ్ఛందముగా పదవీ విరమణ తీసుకోవచ్చునన్నాము. ఆ కాగితములు నింపినది మేమే. గుమాస్తా కదా, దస్తూరి బాగుండునని. ఆయన ఎక్కడ సంతకము పెట్టమంటే అక్కడ పెట్టినారు. నాటినుండి వరండాలో కుర్చీ.

"ఎవరైనా ఆయన్ని ఏం కావాలి అని అడిగారా?" అన్నది అమ్మాయి. అడుగలేదు. లోపల మనిషి తగ్గలేదు, పని ఎరిగిన చేయి ఎక్కడికీ పోలేదు. మేము చూచినది దుఃఖమును మాత్రమే. చీపురు పట్టినవాని ఆశను మేము వెంటనే గుర్తుపట్టినాము, అది మా ఆశ గనుక. ఆకాశములో ఎగిరినవాడు నేలమీద పడినప్పుడు ఎట్లుండునో మాకు అనుభవము లేదు. జాలి కూడా మనము ఎరిగిన దారిలోనే పోవునేమో.

ఆమె మొదటినుండి మరల ఆడి ఈసారి ఫినామమ్యాన్‌ను తీసుకొన్నది. అతనితోనూ చిక్కులు ఉన్నవి. బలము ఉన్నంత మాత్రమున మనసు కుదుటపడదు గదా. పెద్ద ఆపద వచ్చినప్పుడు మాత్రము పంపుటకు ఒకడు ఉన్నాడను ధైర్యము మాకు కలిగినది. వాటర్‌బాయ్ మరల చీపురు పట్టుకొని తిరుగుచుంటే మాకు కడుపులో కలచివేసినది. రెండింటిలో ఏది ఒప్పని మీరు అడిగితే, ఆటవరకు మేము ఇప్పటికీ వాటర్‌బాయ్ పక్షమే. అమ్మాయి ఇప్పటికీ రెండవ పక్షమే. భోజనముల దగ్గర తగవు తీరలేదు.

ఒకరాత్రి తగవు వినలేక బావగారు వరండాలోనుండి లోపలికి వచ్చి వెనుక నిలుచున్నారు. చాలాసేపు చూచినారు. తెరమీద ఏదో పిలుపు వచ్చినది. "ఆ ఎగిరేవాడు ఖాళీగా ఉన్నాడుగా, వాడినెందుకు పంపరు?" అన్నారు.

అమ్మాయి మౌసు ఆయన చేతికి ఇచ్చినది.

మరునాడు మేము ఆయనను అడుగవలసినది అడిగినాము, రెండేండ్లు ఆలస్యముగా. ఉద్యోగము తిరిగి రాదు, కాగితములు అటువంటివి. ఇంకేమి చేయుదురని అడిగితే ఆయన వెంటనే చెప్పలేదు. నాలుగు రోజుల తరువాత, "సంఘం మైకుసెట్టు ఏడాదిగా కీచుమంటోంది, ఎవరూ చూడరేం?" అన్నారు.

ఈ సాయంత్రము మేము మాటలాడుచుండగా రెండుసార్లు కీచుమన్నది, మీరు వినినారు. వేదిక ప్రక్కన తీగలు పట్టుకొని కూర్చున్నవారు తల ఊపుచున్నారు, ఇక దిగమని కాబోలు. సెలవు.