ఏబదియేండ్ల పిదప అక్షరాభ్యాసము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

 

అక్షరాభ్యాసము అయిదవయేట జరుగవలెనని లోకాచారము. ఏబదియవయేట బలపము పట్టువానిని చూచి లోకము నవ్వును. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత చెప్పి వానిని కూర్చుండబెట్టును. సామెత అసత్యము కాదు. మాను వంగకపోవచ్చును, కాని వానపడిన యేడెల్ల చిగుర్చును. ముదుక మానునకు చిగురు తగదని చెప్పిన సామెత యేదియు లేదు.

ఇందులకు నిదర్శనము భాగ్యనగరమున జూబిలీహిల్సు, ఫిలింనగరు అను పేటల వారి వృత్తియందు కలదు. బండరాళ్ళ మిట్టలైన ఆ ప్రాంతమున 1976లో అన్నపూర్ణా స్టూడియో వెలసినది. పిదప రామానాయుడు స్టూడియో మున్నగునవి లేచినవి. మదరాసున వేళ్ళూనిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమముగా అచ్చటికి తరలివచ్చినది.

చిత్రములను కూర్చు ఎడిటరు పనిని తలపుడు. సెకనునకు 24 బొమ్మలు. ఫిలిము అడుగునకు 16 బొమ్మలు. నిమిషమునకు 90 అడుగులు. రెండున్నర గంటల చిత్రమనిన 13,500 అడుగులు. దానిని చేతితో తడవి, కత్తిరించి, అతికి జీవితము గడపినవారు కలరు. ఇరువదవ శతాబ్దపు తుది దశాబ్దమున కంప్యూటరు వచ్చి ఆ కత్తెరను మూలబెట్టినది. నడివయస్సున ఉన్న పనివానికి రెండే దారులు: ఇల్లు చేరుట, లేక కుమారుని యీడు వాని ప్రక్కన పీటవేసికొని కూర్చుండుట. రెండవదారి పట్టినవానికి మొదట కలుగునది సిగ్గు. సిగ్గు తీరిన పిమ్మట ఆశ్చర్యము. అతికిన ముక్కను విప్పవలెనన్న పూర్వము ఎంత శ్రమ! ఇప్పుడు ఒకే ఘట్టమును పదివిధముల కూర్చి చూచుకొనవచ్చును. అలవాటుగా మారిన వృత్తి మరల కళయైనది.

ఇక శ్రీ సింగీతం శ్రీనివాసరావుగారి చరిత్ర చూడుడు. ఆయన 1931లో జన్మించెను. 1957లో మాయాబజారు వెలువడునప్పటికి ఇరువదియైదేండ్లవాడు, కె. వి. రెడ్డిగారికడ సహాయకుడు. ఎస్. వి. రంగారావుగారి ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూలు ఎగిరి దూకినది ఆ చిత్రముననే. అప్పుడు కంప్యూటరు లేదు. మార్కస్ బార్ట్‌లీగారి కెమెరాయే మాయకు ఆధారము. సింగీతంవారు దర్శకుడైనది నలుబదియేండ్లకు, 1972లో, నీతి నిజాయితి చిత్రముతో. 1986లో, ఏబదియైదేండ్ల ప్రాయమున, భాగ్యద లక్ష్మీ బారమ్మ అను కన్నడ చిత్రమునకు దర్శకత్వముతోపాటు సంగీతమును తానే కూర్చెను. 1987లో మాటలే లేని పుష్పకవిమానమును, 1991లో కాలయంత్రపు కథయైన ఆదిత్య 369ను తీసెను.

అంతటితో ఆగినను కీర్తికి కొరతలేదు. ఆయన ఆగలేదు. డెబ్బదియేండ్లు దాటిన పిదప 2003లో, కంప్యూటరు సృష్టించిన బొమ్మలతో నడచు సన్ ఆఫ్ అల్లాదీన్ చిత్రమునకు దర్శకుడయ్యెను. 2008లో మరల ఘటోత్కచుని చేపట్టెను. ఈమారు నటుడు లేడు, బొమ్మయే నటుడు. యౌవనమున కెమెరామాయలో చూచిన రాక్షసకుమారుడు అర్ధశతాబ్దము తరువాత క్రొత్త విద్యలో ఆయనకు ఎదురైనాడు. ఆయన స్వయముగా కంప్యూటరు ఆదేశములు వ్రాసెనని చెప్పుట కాదు. ఎరుగని సాధనము ముందు శిష్యుడై నిలుచుటకు కీర్తి ఆయనకు అడ్డురాలేదని చెప్పుటయే ఇచ్చట అభిప్రాయము.

మరి ఆ ఆదేశములు వ్రాయు విద్య, ప్రోగ్రామింగు అనబడునది, పల్లెవాసికి అందనిదా? ఉత్పలమాలలో భ ర న భ భ ర వ అను గణములు ఆ వరుసనే పడవలెను. పదవ అక్షరమున యతి చెల్లవలెను. ఒక గురువు తప్పిన పాదము కుంటును. కంప్యూటరు ఆదేశమును అట్టిదే. ఒక గుర్తు తప్పిన నడువదు. తప్పు ఎచ్చట ఉన్నదో పంక్తి పంక్తి వెదకవలెను. పద్యము దిద్దుకొన్నవానికిని, చిట్టా ఆవర్జాలలో అణా తేడాకై రాత్రి మేల్కొన్నవానికిని ఆ ఓర్పు క్రొత్తకాదు.

వయస్సు తెచ్చు చిక్కులు లేకపోలేదు. కన్ను త్వరగా అలయును. నిన్న చదివినది నేడు మరపునకు వచ్చును. కావున చిన్న పనితో మొదలిడవలెను. ఈ గ్రంథాలయపు పుస్తకములలో గడువు దాటినవి ఏవో, ఎవరియొద్ద ఉన్నవో తేల్చుటకు పది పంక్తులు వ్రాయుడు. పైథాను వంటి సులభభాషలు అందులకు చాలును. మొదట పదిమార్లు తప్పును. పదునొకండవమారు పట్టిక కన్నులయెదుట నిలుచును. అంతకుముందు లేనిదొకటి తన చేత పుట్టినదను ఆనందము కవికి, కుమ్మరికి, దర్శకునకు ఒక్కటే.

ఉద్యోగము ముగిసినవాడు అరుగుపై కూర్చుండి తన దినములు గడచినవని అనుకొనుటకంటె దారిద్ర్యము లేదు. బిడ్డల పెండ్లిండ్లు చేసి, ఇక తనకు చేయవలసినదేమున్నదని అడుగు ఇల్లాలికిని ఇదే మాట వర్తించును. గ్రంథాలయపు ద్వారమున వయస్సు అడుగువాడు లేడు. ఇరువదియైదేండ్లుగా ఈ తలుపు తెరచియే యున్నది. బలపము పట్టుటయే తరువాయి.