సొరంగంలో నిప్పు – గాలి దారి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను, గుమాస్తాగా పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. మన పిల్లలు విద్యుత్ కేంద్రాలలో, గనులలో, రైల్వేలో పనిచేస్తున్నారు. మనం కూడా నరసరావుపేటలో రైలెక్కి నంద్యాల వెళ్లాలంటే నల్లమలలో బోగదాలు దాటవలసిందే.

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. కొందరు సొరంగ మార్గం గుండా బయటపడ్డారు. తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. దట్టమైన పొగ వల్ల రక్షక దళాలు లోపలికి చేరడానికి గంటల తరబడి ఆలస్యమైంది. ఆరుబయట నిప్పంటుకుంటే పొగ ఆకాశానికి పోతుంది. కొండ లోపల అయితే పొగ పోయే దారి, మనిషి పోయే దారి తరచు ఒక్కటే అవుతుంది.

పిడుగురాళ్ల సున్నపు బట్టీలు మనకు తెలిసినవే. కింద నుంచి గాలి లాక్కుంటుంది, పైనుంచి పొగ పోతుంది. ఏటవాలు సొరంగం కూడా అటువంటిదే. 2000 నవంబరు 11న ఆస్ట్రియాలోని కాప్రున్‌లో కొండ మీదికి వెళ్లే రైలు సొరంగంలో తగలబడి 155 మంది చనిపోయారు. రైలు దిగి పైకి పరుగెత్తినవారిని పొగ వెంటాడింది. మంటను దాటి కిందికి నడిచిన 12 మంది బ్రతికారు.

అందుకే పెద్ద సొరంగాలలో ఫ్యాన్లు పెడతారు. గాలి చాలకపోతే పొగ కప్పు కింద నుంచి గాలికి ఎదురు వస్తుంది. పెద్ద మంటకు దాన్ని ఆపాలంటే సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో గాలి కావాలి. అయితే ఊదుగొట్టంతో ఊదితే పొయ్యి రాజుకున్నట్లే, ఎక్కువ గాలి మంటను పెంచుతుంది కూడా. ఏ వైపు మనుషులున్నారో చూసి గాలి వదలాలి. 1999 మార్చి 24న ఫ్రాన్స్, ఇటలీల మధ్యనున్న మోంబ్లాఁ సొరంగంలో ఒక లారీ తగలబడింది. గాలి ఇటలీ నుంచి ఫ్రాన్స్ వైపు వీచింది. లారీ వెనుక ఫ్రాన్స్ వైపు ఆగిన వాహనాలను పొగ కమ్మేసింది. మొత్తం 39 మంది చనిపోయారు. చాలామంది తమ వాహనాలలోనే ఉండిపోయారు.

కనుక సొరంగంలో పొగ కనిపిస్తే కారులో కూర్చోవద్దు. ఇంజను ఆపి, తాళంచెవి అక్కడే వదలి, దగ్గరి అత్యవసర ద్వారం వైపు నడవండి. అది కనిపించకపోతే మంచి గాలి వచ్చే దిక్కుకు, వంగి, గోడ పట్టుకొని పోవాలి. సామాను కోసం వెనుదిరగరాదు.

పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు జీతం, ప్రమోషను అడుగుతాము. ఈసారి మరో మూడు ప్రశ్నలు అడగండి: "మీరు పనిచేసే చోట రెండవ దారి ఎక్కడ ఉంది? కరెంటు పోతే ఫ్యాన్లు తిరుగుతాయా? ఏ ఫ్యాను ఎప్పుడు వేయాలో రాత్రి డ్యూటీవారికి తెలుసా?" వారికి జవాబు తెలియకపోతే మరునాడే పై అధికారిని అడిగి తెలుసుకోమనండి.