గుండుసూది తలపై గ్రంథాలయము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున, గ్రంథములకు సంబంధించిన యొక వృత్తాంతముతో ప్రసంగము నారంభించుట యుచితము. 1959వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన, అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో భౌతిక శాస్త్రజ్ఞుల సభ జరిగినది. అందు రిచర్డ్ ఫైన్‌మన్ అను పండితుడు ఒక ప్రశ్న వేసెను: 24 సంపుటముల బ్రిటానికా విజ్ఞానసర్వస్వమును ఒక్క గుండుసూది తలపై ఏల వ్రాయరాదు? వేసి యూరకుండక లెక్క కట్టి చూపెను. సూది తల అడ్డుకొలతను 25,000 రెట్లు పెంచినచో, దాని వైశాల్యము ఆ సంపుటముల పుటలన్నిటి వైశాల్యమునకు సరిపోవును. కావున అక్షరములను అన్ని రెట్లు తగ్గించిన చాలును. ప్రకృతి నియమ మేదియు అడ్డురాదు. ఒక పుస్తకపు పుటను ఆ ప్రమాణమున కుదించినవారికి వేయి డాలర్ల బహుమానమును గూడ ఆయన ప్రకటించెను.

ఆ బహుమానము 1985 వరకు ఎదురుచూచినది. ఆ యేట స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి టామ్ న్యూమన్, ఎలక్ట్రాను పుంజమును కలముగా జేసికొని, చార్లెస్ డికెన్స్ నవల మొదటి పుటను వ్రాసి చూపెను. తెన్నేటి సూరిగారు ‘రెండు మహానగరాలు’ అను పేర తెనిగించిన నవల యదియే. ఇందొక విశేషము కలదు. వ్రాయుటకంటె, వ్రాసిన పుట యెక్కడ నున్నదో వెదకి పట్టుకొనుట కష్టమైనదట. ఈ మాట జ్ఞాపకముంచుకొనదగినది.

‘నానో’ అనునది గ్రీకు భాషనుండి వచ్చిన పదము. మరుగుజ్జు అని యర్థము, తెలుగువారు వామనుడందురు. ఈ విద్యకు నానోటెక్నాలజీ యని 1974లో పేరిడినవాడు జపాను ఆచార్యుడు నోరియో తనిగూచి. మీటరును 100 కోట్ల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. తలవెండ్రుక మందము సుమారు 80,000 మొదలు 1,00,000 నానోమీటర్లు. రక్తములోని ఎఱ్ఱకణము అడ్డుకొలత సుమారు 7,000. తల్లిదండ్రుల పోలికలను బిడ్డకు చేర్చు డి.ఎన్.ఏ. పేట వెడల్పు 2 మాత్రమే. సాధారణముగ 1 మొదలు 100 నానోమీటర్ల కొలతగల వస్తువులతో వ్యవహరించు విద్యయే యిది.

ప్రాచీన గ్రంథములు చదివినవారికి ఇచ్చట సందేహము కలుగవచ్చును. కణాదుడు పరమాణువును చెప్పలేదా? చెప్పెను. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమునందు తూనికల పట్టిక, గవాక్షమున ప్రసరించు ఎండలో తేలియాడు నలుసుతో ప్రారంభమగుచున్నది. దానికి త్రసరేణువని పేరు. 8 త్రసరేణువులొక లిక్ష. 3 లిక్షలొక నల్ల ఆవగింజ. అవి మూడైన తెల్ల ఆవగింజ. అవి ఆరైన యవ. 3 యవలొక గురివింద. గుణించి చూడగా గురివిందకు 1,296 త్రసరేణువులు. గురివింద సుమారు 120 మిల్లీగ్రాములు తూగును గావున, త్రసరేణువు మిల్లీగ్రాములో ఇంచుమించు పదవవంతు. అంత బంగారమును 10 నానోమీటర్ల ఘనములుగా ఖండించినచో 4 లక్షల కోట్లకు మించిన ముక్కలగును! కావున పూర్వులు చేసినది ఊహ. నేటివారు చేయుచున్నది కొలత. ఊహకు కొలత యని పేరు పెట్టుట పూర్వులకు గౌరవము గాదు. కంటికి కనబడు నలుసుకంటె చిన్నది కలదని కేవలము తర్కముచే నిలిపిరే, అందులకు వారికి నమస్కరింపవలెను.

కొలత యెట్లు సాధ్యమైనది? 1981లో స్విట్జర్లాండు దేశమునందు, జ్యూరిక్ నగరసమీపమున, బిన్నిగ్, రోరర్ అను నిరువురు ఒక సూక్ష్మదర్శినిని నిర్మించిరి. అది కన్నువంటిది గాదు, గ్రుడ్డివాని చేతికఱ్ఱవంటిది. మిక్కిలి సన్నని లోహపు మొనను వస్తువునకు తగిలీ తగలకుండ నడపి, వాని నడుమ ప్రసరించు విద్యుత్తు హెచ్చుతగ్గులనుబట్టి పరమాణువుల మిట్టపల్లములను గుర్తించును. 1986లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. 1989లో డాన్ ఐగ్లర్ ఆ మొనతోనే 35 జెనాన్ పరమాణువులను ఒక్కొక్కటిగ జరిపి, తాను పనిచేయు సంస్థ పేరులోని మూడక్షరములను వ్రాసెను. ఫైన్‌మన్ కలకు ఇది సాక్ష్యము.

వస్తువు చిన్నదైనంత మాత్రమున ప్రయోజనమేమి? ఇది యసలు ప్రశ్న. సమాధానము భూమి లెక్కవంటిది. ప్రక్కకు 1 సెంటీమీటరు గల బంగారు ఘనమొకటి యున్నదనుకొందురుగాక. తూకము సుమారు 19 గ్రాములు. దాని ఆరు ముఖముల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. దానినే మిల్లీమీటరు ఘనములుగా కోసినచో వైశాల్యము 60 చదరపు సెంటీమీటర్లగును. నానోమీటరు ఘనములుగా కోసినచో 6,000 చదరపు మీటర్లు. అనగా సుమారు 1 ఎకరము 48 సెంట్లు! బంగారము ఒక్క గురివిందయెత్తైనను పెరుగలేదు. పైభాగము మాత్రము 6 చదరపు సెంటీమీటర్ల చోటినుండి పొలమంత యైనది. రసాయనక్రియలు వస్తువు పైభాగమునందే జరుగును గదా! వామనుడు త్రివిక్రముడైన విధ మిదియే.

రెండవ విశేషము, కొలత మారినచో గుణము మారుట. బంగారపు సూక్ష్మకణములు నీటిలో కెంపువన్నె దాల్చుటను ఇంగ్లాండులో ఫారడే 1857లోనే పరిశీలించెను. క్వాంటం చుక్కలనబడు కణములలో పదార్థ మొక్కటియే. పరిమాణము మారినకొలది రంగు మారును. చిన్నవి నీలము వైపు, పెద్దవి ఎరుపు వైపు. ఈ చుక్కలను కనుగొని రూపొందించినందులకు ఎకిమోవ్, బ్రూస్, బావెండి యను మువ్వురకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

ఇక ప్రయోజనములు. మొదటిది త్రాగునీరు. పశ్చిమ వంగదేశము మున్నగు ప్రాంతముల భూగర్భజలములలో ఆర్సెనిక్ అను విషము కలదు. లీటరునకు 10 మైక్రోగ్రాములు దాటరాదని నియమము. మదరాసు ఐ.ఐ.టి. ఆచార్యుడు టి. ప్రదీప్‌గారును వారి శిష్యులును ఇనుప సమ్మేళనపు నానోకణములను, రొయ్యల పెంకులనుండి లభించు కైటోసాన్‌లో నిలిపి, ఆ విషమును పట్టు పదార్థమును సిద్ధపరచిరి. దాని పేరు ‘అమృత్’. పై చెప్పిన ‘పొలము’ లెక్కయే అందు పనిచేయుచున్నది. తెలుగునాట ఫ్లోరైడు బాధ తెలియనివారు లేరు; నెల్లూరు మండలమున దానిని గూర్చిన వైద్యనివేదిక 1937లోనే వెలువడినది. ఆర్సెనికు కొఱకు చేసిన వడపోత ఫ్లోరైడును పట్టునని తలంపరాదు. ఏ విషము నీటిలో నున్నదో పరీక్ష చేయించిన పిదపనే వడపోతను ఎన్నుకొనవలెను.

రెండవది వైద్యము. 2020 డిసెంబరులో పాశ్చాత్య దేశములలో వాడుకకు వచ్చిన కోవిడ్ టీకాలలో, ఎం.ఆర్.ఎన్.ఏ. అను సున్నితపు పదార్థమును సుమారు 100 నానోమీటర్ల క్రొవ్వు బుడగలలో పొదిగి శరీరకణములకు చేర్చిరి. ఆ యుపాయము లేనిచో అది దారిలోనే నశించెడిది. మందును రోగమున్న చోటికే చేర్చుటకు నేడు జరుగుచున్న కృషిలో ఇదియు నొక మార్గము.

మూడవది వ్యవసాయము. ఇచ్చట కొంత నిలిచి ఆలోచింపవలసియున్నది. 2021లో ఇఫ్కో సంస్థవారు నానో యూరియా యను ద్రవమును ప్రవేశపెట్టిరి. 500 మిల్లీలీటర్ల సీసా ఒక 45 కిలోల బస్తాకు సమానమని ప్రకటన. వేలాది రైతుల పొలములలో దిగుబడి పెరిగినదని వారు చెప్పిరి. లెక్క చూడుడు. సీసాలో నత్రజని నూటికి 4 పాళ్లు; అనగా 20 గ్రాములు. బస్తాలో నూటికి 46 పాళ్లు. అనగా 20 కిలోల 700 గ్రాములు. టన్ను వడ్లకు పైరు తీసికొను నత్రజని సుమారు 15 మొదలు 20 కిలోలు. ఆకు ఒక్క బొట్టైనను వదలక పీల్చుకొన్నదనుకొన్నను, 20 గ్రాములు కిలో, కిలోంబావు వడ్లకు సరిపోవును. తరువాత వచ్చిన గాఢతరమైన రకమున నత్రజనిని ఐదు రెట్లు చేసినను 100 గ్రాములే. 2023లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ యాక్షేపణనే ప్రకటించిరి. పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి రెండేండ్ల క్షేత్రపరీక్షలో, మామూలు యూరియా తగ్గించి దీనిని చల్లిన మళ్లలో వరి, గోధుమ దిగుబడులు తగ్గినవి.

దీనివలన నానో శాస్త్రము అబద్ధమని తేలదు. కణము చిన్నదైన పైభాగము పెరుగును, తూకము పెరుగదు. ద్వారము వెడల్పు చేసినంత మాత్రమున గాదె నిండునా? ఆర్సెనికును పట్టుటకు పైభాగము చాలును. పైరు కడుపు నింపుటకు నత్రజని తూకమే కావలెను. ఏ పనికి వైశాల్యము, ఏ పనికి బరువు అను వివేచన పోయినచో, నిజమైన శాస్త్రమే మోసమువలె కనబడును. నష్టము మాత్రము కౌలు చెల్లింపవలసిన రైతుది.

హాని విషయమునను ఈ వివేచనయే వలయును. కర్బనపు నానోగొట్టములు తేలికయైనవి, మిక్కిలి బలమైనవి. అయినను 2008లో ఎడింబరో శాస్త్రజ్ఞులు, పొడవైన గొట్టములు ఎలుకల కడుపుపొరలో ఆస్బెస్టాసువంటి వికారమును కలిగించినవని చూపిరి. పొట్టివాటివలన అట్లు కాలేదు. ఒకే పదార్థము ఆకారభేదమున మేలును కీడును చేయును గావున, ప్రతి క్రొత్త వస్తువునకును వేఱు పరీక్ష తప్పదు.

భారతప్రభుత్వము 2007లో నానో మిషన్‌ను ప్రారంభించినది. హైదరాబాదులోని చూర్ణలోహ పరిశోధనకేంద్రమున నానోపదార్థముల కొఱకు ప్రత్యేక విభాగమే కలదు. 2004లో మాంచెస్టరు నగరమున గైమ్, నోవొసెలోవ్ అనువారు పెన్సిలు ముల్లులోని గ్రాఫైటును అంటుపట్టీతో ఒలిచి, ఒక్క పరమాణువు మందముగల గ్రాఫీను పొరను వేరుచేసి, 2010లో నోబెల్ బహుమానము పొందిరి. పెన్సిలు, అంటుపట్టీ ఈ గ్రామపు పాఠశాలలోను గలవు. లేనిది పరికరము గాదు. ప్రశ్న వేయు నలవాటు.

ఆ యలవాటును నేర్పుటకే గ్రంథాలయ మున్నది. ఈ రజతోత్సవ స్మృతిగా ఇచ్చట ఒక పుస్తకము తెరచుట మంచిది. క్రొత్త ఎరువును కొన్న రైతు పదిసెంట్ల మడిలో దానిని, ప్రక్క పదిసెంట్లలో పాతదానిని వాడి, రెండింటి వడ్లను తూచి, తేదీతోను వేసిన మోతాదుతోను అందు వ్రాయవలెను. ఐదేండ్లకు ఆ పుస్తకము ఏ ప్రకటనకంటెను విలువగల గ్రంథమగును.

గుండుసూది తలపై వ్రాసిన పుటను వెదకి పట్టుకొనుట కష్టమైనదని మొదట చెప్పబడినది. విజ్ఞానము సూక్ష్మమైనకొలది దానిని వెదకి చదువగల కన్నులు హెచ్చుగా కావలెను. అట్టి కన్నులను ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమునాటికి ఇంటింటను తెరపించుగాక!

స్వస్తి.